చుట్టం తప్పూ, ఇంటివాడి తప్పూ

మా మనవరాలు ఇంజనీరింగు రెండో ఏడు చదువుతోంది. పోయిన సంక్రాంతి సెలవులకి వచ్చి, అరిసెల డబ్బా ఒళ్లో పెట్టుకుని, ల్యాప్‌టాప్ నా వైపు తిప్పి, "తాతయ్యా, నీ 8085ని ఇందులో మళ్లీ బతికించాను, చూడు" అంది. చూశాను. మేం 8085 అనే మైక్రోప్రాసెసర్ చిప్పు నేర్చుకున్న కిట్ మీద ఉండే ఆరు ఎర్ర అంకెల గళ్లూ, పక్కన హెక్స్ మీటలూ అచ్చం అలాగే గీసింది. ముచ్చటేసింది. ఆ ముచ్చట ఓ పది నిమిషాలు నిలిచింది.

చూసి ఊరుకోవచ్చుగా! లోపలికెళ్లి ట్రంకు పెట్టెలోంచి పాత నోటుపుస్తకం తీశాను. అట్ట ఊడిపోయింది, లోపల ఎర్ర సిరా ఇంకా బాగానే ఉంది. "ఇది కొట్టి చూడమ్మా" అని ఒక ప్రోగ్రాం ఇచ్చాను. కిట్‌లో ర్యామ్ ఎంతవరకు ఉందో కొలిచి చెప్పే ప్రోగ్రాం అది. ముప్ఫై బైట్లు కూడా ఉండదు. కొట్టింది, నడిపింది. తెర మధ్యలో ఎర్రటి డబ్బా ఒకటి లేచి నిలబడింది: లేని మెమరీలో రాయబోయారు, ప్రోగ్రాం ఆపేశాం అని.

"నీ ప్రోగ్రాంలో బగ్ ఉంది తాతయ్యా" అంది.

నలభై ఏళ్లు నడిచిన ప్రోగ్రాం! నా నోట్లో అరిసె అలాగే ఆగిపోయింది.

ఆ ప్రోగ్రాం చేసే పని అదే తల్లీ, లేని మెమరీలో రాయడం. ఒక అడ్రసులో 55 రాస్తుంది, తిరిగి చదువుతుంది. 55 వచ్చిందా, ఏఏ రాసి మళ్లీ చదువుతుంది. రెండూ సరిపోతే అక్కడ ర్యామ్ ఉన్నట్టే, పై పేజీకి పోతుంది. సరిపోకపోతే ర్యామ్ అక్కడితో అయిపోయినట్టు. ఇంట్లో మనిషి ఉన్నాడో లేడో తెలుసుకోడానికి తలుపు తట్టడం లాంటిదది. తలుపు తట్టినవాణ్ణి పోలీసులకి పట్టిస్తే ఎలా? 55, ఏఏలే ఎందుకంటే, బైనరీలో రాస్తే ఒకటీ సున్నా, ఒకటీ సున్నాగా వస్తాయి. రెండోది మొదటిదానికి సరిగ్గా తిరగేసి ఉంటుంది. ప్రతి తీగా రెండు విధాలా పరీక్షకి నిలుస్తుంది. ఎఫ్ఎఫ్ మాత్రం రాయకూడదు. మా కిట్‌లో ఖాళీ చోటు చదివితే వచ్చేది ఎఫ్ఎఫ్‌. అది రాసి అదే చదివితే, లేని ర్యామ్ కూడా ఉన్నట్టే కనిపిస్తుంది. ఇదంతా మాకు ఎవరూ పాఠంలో చెప్పలేదు, ఒకసారి అలా మోసపోయి నేర్చుకున్నాం.

మా రోజుల్లో ల్యాబ్‌లో ఒక్కో కిట్‌కి నలుగురం. ప్రోగ్రాం కాగితం మీద రాసి, ఆప్‌కోడ్ షీట్ చూసుకుంటూ చేత్తోనే హెక్స్‌లోకి మార్చుకునేవాళ్లం. 3ఈ అంటే ఎక్యుములేటర్లోకి అంకె వెయ్యి, 80 అంటే బీని కలుపు, 76 అంటే ఆగు. ఒకడు చదివితే ఒకడు మీటలు నొక్కేవాడు. మిగతా ఇద్దరూ తప్పులు పట్టేవాళ్లు, అంటే కబుర్లు చెప్పేవాళ్లు. సగం కొట్టాక కరెంటు పోయేది. ర్యామ్‌లో ఉన్నదంతా దానితోపాటే పోయేది. మళ్లీ మొదటి నుంచీ మొదలు.

ఇంత చేసినా ఆ చిప్పు ఏనాడూ ఒక్క మాట అనేది కాదు. చదవడానికే తప్ప రాయడానికి కుదరని ఈప్రామ్ ఉన్న అడ్రసులో రాశావా? దున్నపోతు మీద వాన. రాసినట్టే ఉంటుంది, ఏమీ మారదు. చివర 76 పెట్టడం మరిచావా? నీ ప్రోగ్రాం దాటి, పక్కనున్న చెత్తనంతా ఆదేశాలనుకుని ఒక్కొక్కటే నమ్మకంగా అమలు చేసుకుంటూ పోతుంది. పోయి పోయి ర్యామ్ దాటితే అక్కడ ఎఫ్ఎఫ్‌లు. ఎఫ్ఎఫ్ అంటే 8085 భాషలో ఆర్ఎస్‌టీ 7, తిరిగొచ్చే అడ్రసు స్టాక్‌లో పెట్టి 38 అడ్రసుకి దూకమని. అక్కడ మానిటర్, అంటే కిట్‌ని నడిపే ప్రోగ్రాం, రాసినవాడు ఏం పెట్టుంటే అది జరుగుతుంది. ఏ అడ్రసులో ఏ తప్పు చేశావన్న సంజాయిషీ ఎక్కడా రాదు. ఎడమ కొస గడిలో ఇంగ్లీషు 'ఇ' అక్షరం వెలుగుతూ ఉండేది, నడుస్తున్నానన్న గుర్తుగా. ఎక్కడ నడుస్తోందో దానికే తెలియాలి.

మా కిట్‌కి తెలిసిన ఎర్రర్ మెసేజ్ ఒక్కటే. మీటలతో ఈప్రామ్‌లో రాయబోతే ఆ అంకెల గళ్లలోనే 'ఎర్' అని వచ్చేది. చిప్పు పట్టుకుందేమో అనుకునేవాళ్లం. తరవాత మానిటర్ లిస్టింగు చదివితే తెలిసింది, పట్టుకుంది చిప్పు కాదని. ఆ మానిటర్ రాసిన మహానుభావుడు మనం కొట్టిన బైట్‌ని రాసి, తిరిగి చదివి, తేడా వస్తే అరిచే రెండు మూడు ఆదేశాలు అక్కడ పెట్టాడు. అరిచింది సాఫ్ట్‌వేర్. హార్డ్‌వేర్‌కి అరవడం రాదు.

పిల్ల రాసిన ఎమ్యులేటర్ మాత్రం ప్రతిదానికీ అరుస్తుంది. ఆప్‌కోడ్ షీట్‌లో ఖాళీగా వదిలేసిన పది గళ్లలో ఏదైనా తగిలితే, చెల్లని ఆదేశం అంటూ ఇంకో ఎర్ర డబ్బా. 8085 వచ్చిన 1976లో ఇంటెల్ వాళ్లు ఆ పదింటి గురించి పుస్తకంలో రాయలేదు గానీ, చిప్పు లోపల అవి నిక్షేపంలా పనిచేస్తాయి. 08 కొడితే హెచ్‌ఎల్ జంటలోంచి బీసీ జంటని తీసేస్తుంది. మామూలుగా ఆరు ఆదేశాలు పట్టే పని ఒక్క బైట్‌తో అయిపోతుంది. మా బ్యాచ్‌లో ఒకడు ఖాళీ గడి కదా అని సరదాకి కొట్టి చూసి, రెండు రోజులు నిద్రపోలేదు. "ఇది చెల్లదు" అని ఫిర్యాదు చేసే అలవాటు ఆ వంశానికి 80186తో వచ్చింది. అంతకుముందు చిప్పులకి చెల్లనిదంటూ లేదు, కాగితం మీద రాయనిది ఉండేది, అంతే.

ఎమ్యులేటర్ అంటే వేషం కట్టడం. దుర్యోధనుడి వేషం కట్టినవాడు మయసభలో నీళ్లున్నాయని తెలిసి పక్కనుంచి నడిచిపోతే ఆట ఏమవుతుంది? పడాలి. 1980లో వచ్చిన ప్యాక్‌మ్యాన్‌నే తీసుకోండి. ఎన్నో స్థాయిలో ఉన్నామన్న లెక్క ఒకే బైట్‌లో ఉంటుంది. 256వ స్థాయికి వచ్చేసరికి, పళ్ల బొమ్మలు గీసే చోట ఆ లెక్కకి ఒకటి కలిపితే అది కాస్తా సున్నా అవుతుంది. గీసే లూపు 256 సార్లు తిరుగుతుంది. తెరకి కుడి సగమంతా అక్షరాలూ ముక్కలూ కలిసి పిచ్చి ముగ్గులా తయారవుతుంది. ఆట అక్కడితో సరి. ఆ పిచ్చి ముగ్గు కూడా ప్యాక్‌మ్యానే. మర్యాదస్తుడైన ఎమ్యులేటర్ ఒకడు వచ్చి, హద్దు దాటారు అంటూ దాన్ని ఆపేస్తే, వాడు నడిపేది వేరే ఆట. పైగా ఐబీఎం వాళ్ల సంగతి ఉండనే ఉంది. 8086కి ఇరవై అడ్రసు తీగలు, ఒక మెగాబైట్ దాటితే మళ్లీ సున్నా దగ్గరికి వచ్చేది. అది లోపమే. దాన్ని నమ్ముకుని కొందరు ప్రోగ్రాములు రాసేశారు. 1984లో పీసీ-ఏటీ వచ్చి తీగలు పెరిగేసరికి ఆ ప్రోగ్రాములు తిరగబడతాయని, ఇరవై ఒకటో తీగని నొక్కిపట్టడానికి ఒక గేటు పెట్టారు. అదీ కీబోర్డు కంట్రోలర్ ద్వారా! తప్పుని కాపాడటానికి కాపలా మనిషిని పెట్టుకున్నారన్నమాట.

ఇదంతా గట్టిగానే చెప్పాను. పిల్ల నొచ్చుకోలేదు, ఎదురు చెప్పింది. "నేను రాసుకునే ప్రోగ్రాంలో తప్పు దొరకాలంటే నాకు ఆ డబ్బా కావాలి తాతయ్యా. మీరు నలుగురూ కూర్చుని పట్టేవాళ్లు. నాకు ఎవరున్నారు?" అంది. సరే, అది న్యాయమే. కావాలన్నప్పుడు వేసుకునే స్విచ్ పెట్టుకో, మామూలుగా నడిపేటప్పుడు మాత్రం చిప్పు లాగే ఉండనీ అన్నాను.

నేను ఇంకాస్త తవ్వకుండా ఉంటే పండగ అక్కడితో సుఖంగా అయిపోయేది.

కిట్ పరిస్థితి ఉన్నదున్నట్టు ఫైలుగా దాచుకునే బొత్తాం ఒకటి పెట్టింది, కరెంటు పోతే మళ్లీ కొట్టక్కర్లేకుండా. ఆ మాట వినగానే నా కళ్లలో నీళ్లు తిరిగాయంటే నమ్మండి. దాని కోడ్ చూపించమన్నాను. ఫైలు తెరిచే చోటా రాసే చోటా చుట్టూ ట్రై అని కట్టి, కింద 'ఎక్సెప్ట్, పాస్' అని రాసింది. అంటే ఏం తప్పు జరిగినా సరే, వదిలేసి ముందుకు పో అని. పాస్ అట! మా రోజుల్లో పాస్ అవ్వాలంటే కనీసం 35 మార్కులు రావాలి.

నా దగ్గరున్న పెన్‌డ్రైవ్ తెచ్చాను. చుట్టాల పెళ్లిళ్ల ఫొటోలతో నిండి, చీమ దూరే సందు లేదు. దాంట్లోకి దాచమన్నాను. బొత్తాం నొక్కింది. "దాచాం" అని పచ్చ అక్షరాలు వచ్చాయి. తెరిచి చూస్తే ఫైలు ఉంది. లోపల సున్నా బైట్లు.

ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటారు చూడండి, అదీ ఇది. 8085 నోరెత్తని చోట ఈ పిల్ల ప్రోగ్రాం ఊరంతా వినిపించేలా అరిచింది. నిజంగా కొంప మునిగినప్పుడు మాత్రం నవ్వుతూ పచ్చ జెండా ఊపింది. ఈ విద్యలో లోపల నడిచే పాత మిషన్ని గెస్ట్ అనీ, దాన్ని మోసే కంప్యూటర్ని హోస్ట్ అనీ అంటారు. మన మాటల్లో చుట్టమూ, ఇల్లుగలవాడూ. చుట్టం అన్నంలో నీళ్లు పోసుకు తిన్నా, ఎడమ చేత్తో తిన్నా అది ఆయన ఊరి అలవాటు, మనం మాట్లాడకూడదు. వంటింట్లో గ్యాసు లీకైతే మాత్రం, చుట్టం ముందు పరువు పోతుందని నోరు మూసుకోకూడదు. ఎమ్యులేటర్‌లో ఎర్రర్లు చూడాలా వదిలెయ్యాలా అని అడిగేవాళ్లని నేను ఎదురు అడిగేది ఒక్కటే, ఆ తప్పు ఎవరిది అని.

ఇంత తెలిసినవాణ్ణి కదా, నేనేం చేశానో కూడా చెబుతాను. అసలు ఇది నాకు తెలిసిందే అలాగ.

తొంభైల మధ్యలో ఒక సంస్థ, పేరెందుకు, పాత మినీకంప్యూటర్ మీద స్టాకు లెక్కలు నడిపేది. విడిభాగాలు దొరకడం మానేశాయి. ఆ ప్రోగ్రాములు తిరగరాసే ఓపికా డబ్బూ వాళ్లకి లేవు. ఆ మిషన్ని పీసీ మీద వేషం కట్టించే పని నాకొచ్చింది. సీ భాషలో రాశాను, నడిచింది, శాలువా కూడా కప్పారు. చుట్టం మర్యాదల విషయంలో నాకు అప్పటికే పట్టింపు ఎక్కువ. పాత ప్రోగ్రాం ఎక్కడ లేని రిజిస్టర్ తాకినా, ఎక్కడ ఖాళీ అడ్రసు చదివినా ఆపకుండా, ఒక ఫైల్లో మాత్రం రాసి పెట్టేవాణ్ణి, తరవాత తీరిగ్గా చూసుకోవచ్చని. ఆ రాత ఆపడం మరిచిపోయాను. ఫైలు పెరిగి పెరిగి, ఒక నెలాఖరు ముందు హార్డ్‌డిస్క్ నిండిపోయింది.

పాత మిషన్ డిస్క్ అంటే నా పీసీలో అదొక ఫైలు. చుట్టం ఈ సెక్టారు రాయమంటే నేను ఎఫ్‌రైట్ పిలిచేవాణ్ణి. ఎన్ని రాశానో అది తిరిగి చెబుతుంది. నేను వినలేదు. విననవసరం లేదనుకున్నాను, అంత పెద్ద డిస్క్ కదా. రాసినా రాయకపోయినా స్టేటస్ రిజిస్టర్లో "పని అయింది" బిట్ పెట్టేసి పంపేవాణ్ణి. మూడు రోజులు వాళ్లు వోచర్లు ఎక్కిస్తూ పోయారు. నాలుగో రోజు పొద్దున్న మిషన్ తెరిస్తే ఆ మూడు రోజులూ లేవు.

అన్నిటికన్నా సిగ్గుపడింది తరవాత. పాత ప్రోగ్రాం అసెంబ్లీ లిస్టింగు తీసి చదివాను. దాన్ని రాసినవాడెవడో గాని, డిస్క్ తప్పుని ఎంత శ్రద్ధగా చూశాడో! ఎర్రర్ బిట్ కనిపిస్తే పదిసార్లు మళ్లీ ప్రయత్నించాలి, అప్పటికీ కాకపోతే కన్సోల్ గంట మోగించి, డిస్క్ తప్పు అని అచ్చేసి, మనిషి వచ్చేదాకా ఆగిపోవాలి. ఆ గంట మోగడానికి కావలసిందల్లా నేను ఒక బిట్ నిలబెట్టడం. కంట్రోలర్ పుస్తకంలో ఆ బిట్ ఉంది. నేను దాన్ని ఏ ఒక్క రోజూ ముట్టుకోలేదు. ఇంటివాడి తప్పుని చుట్టానికి అర్థమయ్యే భాషలో చెప్పే దారి ఉండి కూడా చెప్పలేదు.

ఆ వోచర్లన్నీ పెద్ద గుమాస్తాగారు రెండు రాత్రులు కూర్చుని మళ్లీ ఎక్కించారు. నన్ను ఒక్క మాట అనలేదు. పోతూ పోతూ, "పాత మిషనైతే అరిచేది బాబూ" అన్నారు. ఇప్పటికీ ఎక్కడ గంట మోగినా ఆయనే గుర్తొస్తారు.

అందుకే ఇప్పటివాళ్లందర్నీ తిట్టలేను, తిట్టాలని ఉన్నా. 2003లో ఫ్రాన్సు దేశపు ఫాబ్రిస్ బెలార్ మొదలుపెట్టిన క్యూఎము అనే ఎమ్యులేటర్‌లో ఈ బేరం చక్కగా తెగ్గొట్టారు. చుట్టం చేసే పిచ్చి పనుల్ని, మనం అడిగితేనే, 'గెస్ట్ ఎర్రర్స్' అని ఒక లాగ్‌లో రాస్తుంది, లేకపోతే నోరు మెదపదు. ఆట మిషన్ల వేషాలు కట్టే మేమ్ కూడా అంతే, అడిగితేనే ఎర్రర్ లాగ్ రాస్తుంది. డిస్క్ రాతలకి క్యూఎములో విడిగా ఒక ఎంపిక ఉంది: వదిలెయ్యమనొచ్చు, ఆపమనొచ్చు, చుట్టానికి చెప్పమనొచ్చు. ఏమీ చెప్పకపోతే ఏం చేస్తుందో తెలుసా? ఇంటివాడి డిస్క్ నిండిపోతే చుట్టాన్ని ఉన్నపళంగా నిద్రపుచ్చుతుంది. మనం చోటు ఖాళీ చేసి లేపితే, ఏమీ జరగనట్టు అక్కడి నుంచే పని సాగిస్తాడు. ఇంకే రకం తప్పు వచ్చినా చుట్టానికి చెప్పేస్తుంది. నా గుమాస్తాగారి రెండు రాత్రులూ ఈ ఒక్క ముక్కలో ఉన్నాయి.

మెమరీ దొరకనప్పటి సంగతిలో మాత్రం వాళ్లతో నాకు కొన్నాళ్లు పేచీ. చిన్న ముక్క మెమరీ అడిగినప్పుడు లేదంటే క్యూఎము అక్కడికక్కడే ప్రాణం తీసుకుంటుంది. మా రోజుల్లో మెమరీ అడిగే ప్రతి మాలాక్ తరవాతా, లేదని చెప్పే నల్ వచ్చిందా అని చూసేవాళ్లం, క్రమశిక్షణ అంటే అదీ అని వాదించేవాణ్ణి. వచ్చిందనుకోండి, మీరేం చేసేవాళ్లు అని ఓ కుర్రాడు అడిగాడు. ఆలోచిస్తే, "మెమరీ లేదు" అని అచ్చేసి ఎగ్జిట్ అయ్యేవాళ్లం. వాడు నవ్వాడు. చుట్టం చెప్పిన కొలతకి పెద్ద ముక్క అడగాల్సి వచ్చినచోట మాత్రం వాళ్లూ ఆచితూచి అడుగుతారు, లేదంటే సర్దుకుంటారు. లేకపోతే చుట్టం కావాలని పెద్ద విస్తరి అడిగి ఇల్లు కూల్చగలడు.

ఇల్లు కూల్చడమంటే గుర్తొచ్చింది, 2015 మేలో బయటపడ్డ వెనమ్ అనే భద్రతా లోపం. క్యూఎములో ఫ్లాపీ కంట్రోలర్ కోడ్ 2004 నాటిది. చుట్టం పంపే బైట్లు దాచుకోడానికి 512 బైట్ల చోటుంది. ఎన్నో బైట్ దగ్గరున్నామన్న లెక్క ప్రతి కమాండ్ తరవాతా సున్నాకి రావాలి. రెండు కమాండ్ల దగ్గర సమయానికి రావట్లేదు. పంపుతూ పోతే బైట్లు 512 దాటి ఇంటివాడి మెమరీలో పడతాయి. ఫ్లాపీ ముఖం కూడా చూడని పిల్లలు నడిపే క్లౌడ్ సర్వర్లలో, పదకొండేళ్లు, ఎవరికీ అక్కర్లేని ఫ్లాపీ కోడ్ తలుపు తీసుకుని కూర్చుంది! క్యూఎము కోడ్ వాడుకునే జెన్, కేవీఎమ్‌లూ దీని పాలబడ్డాయి. చుట్టాన్ని గౌరవించమన్నాను గానీ బీరువా తాళాలు ఇమ్మనలేదు. అయితే నన్ను మురిపించింది దాన్ని దిద్దిన తీరు. ఎర్ర డబ్బా లేదు, అరుపు లేదు, చుట్టాన్ని చంపడం లేదు. ఆ లెక్కని 512తో భాగించి శేషం తీసుకున్నారు. హద్దు దాటితే మళ్లీ మొదటి గడికే వస్తుంది, 8086 అడ్రసులు మడత పడినట్టు. చిప్పు ఎలా మూగగా సర్దుకుంటుందో అలాగే. ఆ ప్యాచ్ చూసి, దీన్ని రాసినవాడెవడో మా ల్యాబ్ గాలి పీల్చినవాడిలా ఉన్నాడే అనుకున్నాను.

కనుమ రోజు సాయంత్రానికి పిల్ల కోడ్ సవరించింది. ఎర్ర డబ్బా స్విచ్ వెనక్కి పోయింది. పది ఖాళీ గళ్లలో నాలుగు నిండాయి, మిగతావి తిరిగి కాలేజీకి వెళ్లాక రాస్తానంది. 'పాస్' తీసేసి, ఫైలు ముందు వేరే పేరుతో రాసి, పూర్తిగా పడిందని చూసుకున్నాకే అసలు పేరు పెట్టేలా మార్చింది. ఆ ఉపాయం నాది కాదు, దానిదే. నా ప్రోగ్రాం నడిచింది. అంకెల గళ్లలో ర్యామ్ చివరి అడ్రసు తేలింది. ఎంత హాయిగా ఉందో!

తరవాత ఖాళీ మెమరీ చదివే చోట ఏం రాసిందో చూద్దామని తెర కిందకి జరిపాను. ఎఫ్ఎఫ్ తిరిగిస్తోంది, బాగుంది. పైన ఒక వ్యాఖ్య రాసుకుంది: "ఆధారం తాతయ్య జ్ఞాపకం. డేటా, అడ్రసు ఒకే తీగల మీద నడిచే చిప్పు కాబట్టి వేరే విలువ కూడా రావచ్చు. అసలు కిట్ మీద చూడాలి."

ఏమిటే ఇది అన్నాను. "నీ మీద నమ్మకం లేక కాదు తాతయ్యా, సరిచూసే కోడే కదా మంచి కోడ్" అంది. మా నోటుపుస్తకంలో ఎర్ర సిరాతో రాసి ఉంది, ఇంకేం సరిచూస్తావు అని గదమాయించాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మేం నిజంగా చూసి రాశామా, సీనియర్ల పుస్తకంలోంచి ఎక్కించుకున్నామా?

కిట్ అటక మీదే ఉంది. దించాం, దుమ్ము దులిపాం. సప్లై బాక్సు ఎప్పుడో చచ్చిపోయింది. అయిదు వోల్టులు చాలు దానికి. సోమవారం కోఠీ వెళ్లి గుజరాతీ గల్లీలో ఒకటి తేవాలి.